పదిహేను నిమిషాల పన్నెండు సెకన్లు

మా అక్క ఈ ఇనుప కుర్చీలో ఊపిరి ఎగబీలుస్తూ కూర్చుందంటే కారణం జబ్బు కాదు, మీరు. ఈ కేంద్రాలన్నిటినీ పైనుంచి నడుపుతూ ఆ పొడవు బల్ల చుట్టూ కూర్చునే ఆరుగురూ. జబ్బుకైతే ఒక లెక్క ఉంది. రెండు రోజుల్లో ఒంట్లో ఇంత నీరు చేరుతుంది, రక్తంలో పొటాషియం ఇంత పెరుగుతుంది అని ముందే చెప్పి మరీ వస్తుంది. మీకు ఆపాటి మర్యాద కూడా లేదు. అద్దం తలుపు అవతల నాలుగో నంబరు డయాలసిస్ మెషీన్ ఖాళీగా ఉంది. తన్ను తాను కడుక్కుని, పచ్చ దీపం వేసుకుని నిలబడింది. ఇవతల అక్క ఉంది. మధ్యలో ఒక్క తలుపు, దానికి తాళం కూడా లేదు. అయినా అక్క లోపలికి వెళ్ళకూడదట. ఎక్కడో ఉన్న మీ సర్వర్ ఆ మెషీన్‌ని అక్క దగ్గర్నుంచి లాక్కుని ఇంకొకాయనకి ఇచ్చేసిందట. ఆ ఇంకొకాయన ఎక్కడున్నాడో తెలుసా మీకు? తొంభై నిమిషాల దూరంలో, వేరే కేంద్రంలో, వేరే మెషీన్ మీద పొద్దుటినుంచీ పడుకుని ఉన్నాడు. నర్సమ్మ ఫోన్ చేసి కనుక్కుంది. ఆయన రక్తం సగం శుద్ధి కూడా అయిపోయింది. ఆయన రాడు. రాని మనిషి కోసం మెషీన్ కాచుకుని ఉంది, వచ్చిన మనిషి మెషీన్ కోసం కాచుకుని ఉంది, గోడమీద మీ తెర మాత్రం అంతా సవ్యంగా ఉందని పచ్చగా వెలుగుతోంది.

పదీ యాభై. అక్క చెప్పులు విప్పేసింది, పాదాలు వాటిలో పట్టడం లేదు. మడమ పైన వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది, నేను నొక్కి చూడటం మానేశాను, నొక్కిన ప్రతిసారీ ఆ గుంట నా వైపు కన్నులా చూస్తోంది. ఇందాక బరువు చూశారు, ఉండాల్సిన దానికంటే నాలుగు కిలోలు ఎక్కువ. నాలుగు కిలోల నీళ్ళు. రెండు రోజులుగా గొంతు తడుపుకోవడానికి మంచు ముక్క చప్పరించిందే తప్ప గ్లాసు ఎత్తలేదు ఈవిడ. ఎడమ చేతిలో డయాలసిస్ సూదుల కోసం కలిపి కుట్టిన రక్తనాళం చర్మం కింద గుర్‌మని అదురుతూ ఉంటుంది, చిన్నప్పుడు నా తల నిమిరిన చెయ్యే అది, ఇప్పుడు పక్కన ఆనుకుని కూర్చుంటే మోటారు ఆన్‌లో ఉన్నట్టు ఉంటుంది. ఎదురు కుర్చీలో మమ్మల్ని తీసుకొచ్చిన కేంద్రం బండి డ్రైవరు కూర్చున్నాడు. వెళ్ళిపోవచ్చు, ఆయన డ్యూటీ అయిపోయింది, వెళ్ళడం లేదు. టోపీ తీసి మోకాలికి తగిలించి నేల చూపులు చూస్తున్నాడు. తప్పంతా తనదే అనుకుంటున్నాడు పాపం. అనుకునేలా చేసింది మీరే, తప్పు చేసినవాళ్ళు నిక్షేపంగా ఉంటే ఏ పాపం ఎరగనివాడు తల వంచుకుని కూర్చోవడమే మీ వ్యవస్థ నైపుణ్యం.

పది గంటల నాలుగు నిమిషాలకి సర్వర్ మెషీన్‌ని అక్క పేరిట పట్టుకుంది. అదే క్షణంలో బండిని అడిగింది. పట్టు పదిహేను నిమిషాలు. ఆ లోగా బండి నుంచి ‘మనిషి ఎక్కింది’ అన్న కబురు రావాలి, రాకపోతే మెషీన్ చేజారిపోతుంది. బండి పదీ పదకొండుకి వచ్చింది. అక్క మూడో అంతస్తు నుంచి దిగాలి. లిఫ్ట్ లేదు. రెండో అంతస్తు మలుపు దగ్గర మెట్టు మీద కూలబడి, ఒక్క నిమిషమే అంది, ఆ ఒక్క నిమిషం నాలుగు నిమిషాలయింది, ఊపిరితిత్తుల అడుగున నీళ్ళు చేరినవాళ్ళు మెట్లు దిగడం ఎలా ఉంటుందో మీకెవరికైనా తెలుసా, దిగడమే, ఎక్కడం కాదు, దిగుతుంటేనే మనిషి చెరువులో మునిగి తేలినట్టు గాలి కోసం నోరు తెరుస్తుంది. డ్రైవరు పైకి వచ్చి ఒక భుజం పట్టాడు, నేనొక భుజం. బండి ఎక్కించి, బెల్టు బిగించి, తలుపు వేసి, అప్పుడు ఆయన తన ఫోన్‌లో బొత్తాం నొక్కాడు. పదీ పంతొమ్మిది దాటి పన్నెండు సెకన్లు. మొదటి సిగ్నల్ దగ్గరే నా ఫోన్ టింగుమంది: మీ కేటాయింపు గడువు ముగిసినది, అసౌకర్యానికి చింతిస్తున్నాము. చింతిస్తున్నారట. ఊపిరాడక మెట్టు మీద కూర్చున్నందుకు ఊపిరి పోసే మెషీన్‌ని పట్టుకుపోయి చింతిస్తున్నారు!

నేను చెప్పాను కదా. మూడు నెలల కిందట, నోరు నొప్పి పుట్టేలా చెప్పాను కదా. నేను ఈ మెషీన్లు రిపేరు చేసే మనిషిని, పదకొండేళ్ళుగా వీటి పొట్టలు విప్పి చూస్తున్నదాన్ని, నాకు డిగ్రీ లేదు, నిజమే. గోడ మీద తెర వచ్చి, పదకొండు కేంద్రాల మెషీన్లూ, బండ్లూ, నర్సుల డ్యూటీలూ అన్నీ ఒకే తాటి మీదకి తెచ్చామని మీరు మైకులో చెప్పిన నాటి నుంచీ నాకు లోపల ఏదో గుచ్చుకుంటూ ఉండేది. ఒకే తాడు కాదది. మెషీన్ల లెక్క ఒక సర్వర్‌లో, బండ్ల లెక్క ఇంకో సర్వర్‌లో, నర్సుల లెక్క మూడోదాంట్లో, ఎవరి గడియారం వాళ్ళదే, ఒకరికొకరు కబుర్లు పంపుకుంటూ ఉంటారు, కబురు వచ్చేదాకా ఒకరు ఆగాలి, ఎంతసేపు ఆగాలన్నది ఎవరికి వాళ్ళే రాసుకున్నారు. ఇలాంటి వాటిని కాగితం మీద కట్టి చూసే విద్య ఒకటి ఉందని లైబ్రరీలో, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో చూశాను. ఒక్కొక్క స్థితికీ ఒక సున్నా. సున్నా నుంచి సున్నాకి బాణం. బాణం మీద, ఎప్పుడు వెళ్ళొచ్చు. సున్నా పక్కన, ఇక్కడ ఎంతసేపు ఉండొచ్చు. అంతే. మొదటి నెల ఒక్క ముక్క అర్థం కాలేదు, గుర్తులు చీమల్లా పాకేవి. రెండో నెల ఒక రోజు పంపు విప్పుతుంటే హఠాత్తుగా అర్థమైంది, ఇది కవాటాల లెక్కే, ఈ కవాటం మూసుకునేలోగా ఆ కవాటం తెరుచుకోకపోతే ఏమవుతుంది అన్నదే, దానికి ఇంత గొడవ చేసి రాశారేంటి అని పుస్తకాన్ని తిట్టుకున్నాను కూడా. మెషీన్ల పాత పరీక్ష కాగితాల వెనక వైపున గీశాను. ముప్పై ఏడు కాగితాలు. కలిపి అతికిస్తే వంటగది గోడ అంతా నిండింది. అప్పటినుంచే ఈ కేంద్రంలో నన్ను గీతలమ్మ అంటారు, అననివ్వండి.

ఆ గోడలో మూడో వరసలోనే ఉంది మీ బండారం. బండికి ఇరవై నిమిషాలు గడువిచ్చారు. మెషీన్ పదిహేను నిమిషాలే ఓర్చుకుంటుంది. అంటే బండి మీ నియమం ప్రకారం నడుచుకున్నా సరే, ఐదు నిమిషాలు అక్కడొక గొయ్యి. ఆ గొయ్యిలో ఎవరు పడతారు? తొందరగా నడవలేనివాళ్ళు. తొందరగా నడవలేనివాళ్ళెవరు? జబ్బు ముదిరినవాళ్ళు. దీనికి కంప్యూటరెందుకు, వేళ్ళు చాలు. మీ బల్ల ముందు ఆ కాగితాలు పరిచాను. మీలో ప్రణాళికలు వేసే ఆయన, మేమంతా స్లైడ్ల బాబు అంటాం, ఏది అడిగినా స్లైడు చూపిస్తాడు కాబట్టి, ఆయన నా కాగితాన్ని తిప్పి వెనక వైపు ఉన్న మెషీన్ పరీక్ష లెక్కలు చదివాడు. ముందు వైపు ఇటండీ అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదీ నా ఖర్మ.

‘చూడండమ్మా, మీ బొమ్మ ప్రకారమే చూసినా ఎవరూ ఎక్కడా ఇరుక్కుపోవడం లేదు కదా?’ అన్నాడాయన.

‘ఇరుక్కోరండీ. తిరుగుతూనే ఉంటారు. మెషీన్ ఒకరి నుంచి ఒకరికి పోతూనే ఉంటుంది. ఎవరికీ ఎక్కదు, ఖాళీగానే ఉంటుంది.’

‘అంటే ఆగిపోదు.’

‘ఆగిపోతే నయమండీ, ఎవరైనా వచ్చి చూస్తారు!’

మళ్ళీ నవ్వారు. తర్వాత ఒక స్లైడు. మనిషి బండి ఎక్కడానికి సగటున పట్టే సమయం నలభై సెకన్లు, ఆరు నెలల రికార్డు, వేల ప్రయాణాలు. నలభై సెకన్లు! నేను నోరు వెళ్ళబెట్టాను. మా రోగులు నలభై సెకన్లలో చెప్పులు కూడా వేసుకోలేరు. కానీ అంకె తెర మీద ఉంది, నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను, ఎక్కడో లెక్క తప్పానేమో అని ఇంటికొచ్చి రెండు వారాలు గోడతో కుస్తీ పట్టాను. తప్పింది నేను కాదు. ఇవాళ, ఇప్పుడు, ఈ కుర్చీలో, ఈ టోపీ మనిషి నోట తెలిసింది.

‘నేను కూడా గేటు దగ్గరే నొక్కేసుంటే సరిపోయేదమ్మా’ అన్నాడు ఇందాక, తల ఎత్తకుండా.

‘కూడా ఏంటి బాబాయ్?’

‘అందరూ అదే కదా చేస్తారు. బండి గేటులోకి రాగానే ఎక్కేశారని నొక్కేస్తారు. లేకపోతే అవతల మెషీన్ పోతుందని వాళ్ళకి తెలుసు. నాకెందుకో చేతులు రావు. మనిషి ఎక్కకుండా ఎక్కిందని ఎలా చెప్పను? మధ్యలో పడిపోతే?’

అదీ సంగతి. మీ నలభై సెకన్లు అబద్ధాలు. దయగల అబద్ధాలు, డ్రైవర్లు ఎవరికి వాళ్ళే కనిపెట్టి, ఒకరికొకరు చెవిలో చెప్పుకుని, మీ గొయ్యి మీద పలక వేసినట్టు వేసిన అబద్ధాలు. ఆ పలక మీద నడుస్తూ మీరు కింద నేల గట్టిగా ఉందని స్లైడు వేసుకున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పే ఒక్క మనిషి బండిలో మా అక్క ఎక్కింది, అంతే, పలక లేదు, పడిపోయింది. నిజం చెబితే కూలిపోయే లెక్కని మీరు వ్యవస్థ అంటారు. వేల ప్రయాణాల రికార్డు చూశారే, ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు, బండిలో పక్క సీట్లో కూర్చుని చూశారా? నేనూ చూడలేదు, అది వేరే మాట. ఒళ్ళు మండిపోతోంది. అక్క దగ్గు వినిపించింది, పొడి దగ్గు కాదు, లోపల తడి ఉన్న దగ్గు.

నర్సమ్మ తలుపు తీసుకుని వచ్చింది, ఈ షిఫ్టుకి ఆవిడే ఇన్‌ఛార్జి. మంచి మనిషే, చేతుల్లో ఏదో నలుపుతోంది, గ్లవ్వుల పొట్లం.

‘గీతలమ్మా, ఒక మార్గం ఉంది. కోప్పడకు. మళ్ళీ బుక్ చేయాలంటే ముందు బండి కదలాలి. బండి కదలాలంటే మనిషి ఇంటి దగ్గర ఉన్నట్టు సిస్టమ్‌లో ఉండాలి. మీ అక్కని ఒక్కసారి ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ ఎక్కిస్తే ఎంట్రీ పడుతుంది.’

‘ఇక్కడే ఉంది కదా సిస్టర్, మీ ముందే ఉంది కదా!’

‘నాకు కనబడుతోంది తల్లీ. దానికి కనబడొద్దూ?’

అక్క నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గులోంచే అంది, ‘మూడంతస్తులు ఎక్కి దిగాలా? దానికంటే నేరుగా పైకే పోతాను, అక్కడ బుకింగ్ ఉండదుగా.’ డ్రైవరు మొహం పాలిపోయింది. ఇలా ఉంటుంది మా అక్క, మా అమ్మ పోయినరోజు కూడా ఏదో అనేసి అందర్నీ నవ్వించి తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను నవ్వలేదు. ఆ గోడ గుర్తొచ్చింది, వంటగదిలో, కాగితాలు అతికించిన గోడ, ఒక మధ్యాహ్నం అక్క వచ్చి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది, అప్పటికి ఇంకా మా ఇంటికి నడిచి వచ్చేది. చాలాసేపు చూసింది. చదువు పెద్దగా లేదు కానీ చీర అంచులో ఒక్క పోగు తప్పినా పట్టేసే కన్ను.

‘ఇది మెషీనా?’

‘ఊఁ.’

‘ఇది బండి. ఇది నర్సమ్మ. మరి నేనేదే ఇందులో?’

చూపించాను. కింద మూలన, చిన్న సున్నా. బాణం లోపలికి ఒకటి, బయటికి ఒకటి.

‘అందరి పక్కనా నిమిషాలు రాశావు. నా పక్కన ఏమీ లేదేం?’

‘నువ్వు ఎదురుచూస్తావు కదక్కా, అంతే.’

‘ఎంతసేపు?’

నేను ఏమన్నాను? పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచాననుకుంటాను. లేదా, ఎంతసేపైనా, అన్నాను. అవును, అదే అన్నాను. ఎంతసేపైనా అని. మెషీన్ పదిహేను నిమిషాలు ఆగుతుందని రాశాను, బండి ఇరవై అని రాశాను, నర్సు షిఫ్టు మారే గంట రాశాను, నీళ్ళ ట్యాంకు మళ్ళీ నిండే వ్యవధి కూడా రాశాను, అందరి ఓర్పుకీ హద్దు గీసిన దాన్ని మా అక్క ఓర్పుకి మాత్రం హద్దు లేదని వదిలేశాను. ఆ పుస్తకంలో ఒక వాక్యం నాకు బాగా నచ్చింది, హద్దు రాయకపోతే ఆ స్థితిలో ఎంతకాలమైనా ఉండొచ్చు అని. అక్కని అలాంటి సున్నాలో కూర్చోబెట్టాను. నా కాగితాలు చూసి మీరు నవ్వితే నా గుండె రగిలింది కానీ, ఆ కాగితాల్లో రోగి చావడు, ఎందుకంటే చావడానికి నేను బాణమే గీయలేదు. మీరు గీయలేదు, మీకు తెలియదు. నేను గీయలేదు, నాకు తెలుసు, మడమ మీద గుంట నొక్కి చూసిన వేళ్ళు ఇవి. నా మీద నాకు వచ్చిన కోపం మీ మీద కోపాన్ని ఏమీ తగ్గించడం లేదు, పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చుంది, అంతే.

పదకొండూ ఐదు. అక్క ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించింది. వెనక్కి ఆనితే ఊపిరి అందదు, నాకు తెలుసు ఆ భంగిమ. పెదవుల అంచు రంగు మారింది. నర్సమ్మ ఈసీజీ తీసింది, ఆ కాగితం మీద మొనలు నిటారుగా లేచి ఉన్నాయి, పొటాషియం ఎక్కితే అలా లేస్తాయి. పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన అవతలి భవనంలో ఆపరేషన్ మధ్యలో ఉన్నాడు, వెంటనే పెట్టేయండి, నా ఆర్డరే అని రాసుకోండి అన్నాడు. పెట్టేయండి అన్నాడు. చాలదా? చాలదట. నాలుగో నంబరు బొత్తాం నొక్కితే తెర మీద ఆ రాని మనిషి పేరు అడుగుతోంది, ఆయన కార్డు పెట్టమంటోంది. నర్సమ్మ స్లైడ్ల బాబుకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. వెనక ఎవరో మైకులో ఏదో చెబుతున్న చప్పుడు, మళ్ళీ ఏదో సభ.

‘ఆయన పొద్దున్నే బండి ఎక్కినట్టు కబురుందమ్మా, అందుకే పట్టు వదల్లేదు. రద్దులు రెండు గంటలకోసారి చదువుతుంది సిస్టమ్. పన్నెండింటికి చదవగానే ఆయన పేరు పోతుంది. కాస్త ఓపిక పట్టండి’ అన్నాడు.

ఓపిక. ఆ మాట వినగానే నా చెవుల్లో ఏదో తెగింది. కూర్చున్న దాన్ని ఎప్పుడు లేచానో తెలియదు. ఆ మెషీన్ నాకు తెలుసు. దానికి కావలసింది నీళ్ళు, కరెంటు, ద్రావణం డబ్బా, ఒక నర్సు. మీ సర్వర్ దానికి అక్కర్లేదు. వెనక వైపు, నీళ్ళ గొట్టం పక్కన, ఒక నీలం తీగ ఉంది. మీ కబుర్లన్నీ దాంట్లోంచే వస్తాయి. దాన్ని పీకేస్తే మెషీన్ ఒంటరిదై పోతుంది, ఒంటరిదై బుద్ధిగా పని చేస్తుంది, పేర్లు అడగదు. నర్సమ్మకి అదే చెప్పాను. నేనే పీకుదును, కానీ ఇవాళ నాకు సెలవు, పైగా రోగి బంధువు మెషీన్‌ని ముట్టకూడదని నియమం, అది మంచి నియమం, దాన్ని నేను తొక్కను, దాన్ని తొక్కాలనిపించేదాకా నన్ను తెచ్చిన మిమ్మల్ని మాత్రం వదలను.

‘తీగ పీకితే రికార్డులో పడుతుంది గీతలమ్మా, పైనుంచి నన్నడుగుతారు’ అంది నర్సమ్మ, కళ్ళు మెషీన్ వైపే ఉన్నాయి.

పడనివ్వండి సిస్టర్. ఆ రికార్డులో నిజం అని చెప్పుకోదగింది ఇవాళ అదొక్కటే పడుతుంది. ఆ ఫోన్ కట్ చేయకండి, ఆయన విననివ్వండి, ఆయన పక్కన ఉన్న ఐదుగురినీ విననివ్వండి. బాబూ, నువ్వు ఆ సభలోంచి లే. రద్దులు రెండు గంటలకోసారి కాదు, వచ్చిన క్షణాన చదివించు. బండి ఎక్కేదాకా మెషీన్‌ని వదలొద్దని రాయించు. ఎదుట నిలబడ్డ మనిషిని చూసి నర్సు తన చేత్తో మెషీన్ ఇచ్చే అధికారం ఈ పదకొండు కేంద్రాల్లోనూ ఇవ్వు, దానికి నీ సంతకం పెట్టు. నిజం చెప్పినందుకు ఈ డ్రైవరు మీద ఒక్క కాగితం కదిలిందంటే నీ ఆఫీసు ముందు కూర్చుంటాను. నీ బొమ్మలోనూ నా బొమ్మలోనూ రోగి పక్కన నిమిషాలు రాయాలి, అందరికంటే ముందు అవి రాసి, మిగతా గడియారాలన్నీ దానికి లోబడి తిప్పాలి. రాత్రంతా కూర్చుని నేనే గీసిస్తాను, ఈసారి కాగితం సరైన వైపు చదువు. ఇవన్నీ సాయంత్రంలోగా. సిస్టర్, మీరు మాత్రం సాయంత్రం దాకా ఆగకండి. డాక్టరు ఆర్డరిచ్చాడు, మెషీన్ సిద్ధంగా ఉంది, మనిషి ఇక్కడ ఉంది. వెనక్కి వెళ్ళి ఆ నీలం తీగ ఇప్పుడే పీకండి.